మేజర్ గారి సంబంధం నుంచి జనరల్ కృష్ణారావు గారి దాకా

పోయిన సంచికలో సైనిక్ స్కూల్ ఎంట్రన్స్ గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో ఉత్తరాలు వచ్చిపడ్డాయి, వాట్సాప్‌లో అయితే లెక్కే లేదు, అందులో ముప్పావు వంతు ఆర్మీ ఆఫీసర్ల గురించే. ఒక్క మాట ముందే చెప్పేస్తా, నేను ఆఫీసర్ని కాదండి. 28 ఏళ్లు క్లర్కుగా చేసి సుబేదార్‌గా రిటైరైన మనిషిని, ఆఫీసర్ల ఫైళ్లు మోసినోణ్ణి, వాళ్ల టూర్ ప్రోగ్రాములు టైపు కొట్టినోణ్ణి. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఇంట్లో కూర్చుని ఇవి రాస్తున్నా. టైపు మిషన్ వెనకాల కూర్చున్నోడికి కనపడేవి కొన్ని ఉంటాయి, అవే చెప్తా.

మా అమ్మాయికి ఆర్మీలో మేజర్ సంబంధం వచ్చింది, అబ్బాయికి 31. మేజర్ తర్వాత మేజర్ జనరలేనని, ఇంకో ప్రమోషన్ వస్తే జనరల్ అయిపోతాడని మధ్యవర్తి చెప్పాడు. నిజమేనా? జనరల్ ఎప్పుడవుతాడు?
– ఒక తల్లి, పటమట, విజయవాడ

అమ్మా, ఆ మధ్యవర్తికి కాఫీ ఇచ్చి పంపించేయండి. మేజర్‌కీ మేజర్ జనరల్‌కీ మధ్యన లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్, బ్రిగేడియర్ అని మూడు మెట్లున్నాయి, అవి ఎక్కేసరికి ఇవాళ పెళ్లి కుదిరిన పిల్ల కొడుకు ఇంటర్ దాటేసి ఉంటాడు.

మనవాళ్లు బ్యాంకులో పీవోగా చేరితే ఫలానా ఏడాదికి మేనేజర్ అన్నట్టు లెక్క కట్టేస్తారు, ఆర్మీలో ఆ లెక్క సగం దారి వరకే నడుస్తుంది. లెఫ్టినెంట్‌గా చేరిన 2 ఏళ్లకి కెప్టెన్, 6 ఏళ్లకి మేజర్, 13 ఏళ్లకి లెఫ్టినెంట్ కల్నల్, డిపార్ట్‌మెంట్ పరీక్షలు పాసై రికార్డు శుభ్రంగా ఉంటే ఇవి టైముకి వచ్చేస్తాయి. ఇదివరకు ఇంత తొందరగా వచ్చేవి కావు, 2004 చివర్లో ఏవీ సింగ్ కమిటీ సిఫార్సులు అమలయ్యాకే ఈ వేగం. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. పదిహేను పదహారేళ్ల సర్వీసు దగ్గర బోర్డు కూర్చుంటుంది, ఒకే ఏడాది కమిషన్ అయిన, అంటే ఆఫీసర్లుగా చేరిన బ్యాచ్ మొత్తాన్ని ఒక చోట పెట్టి ఏటేటా పై ఆఫీసర్లు రాసిన కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు తీసి చూస్తారు, ఖాళీలు ఎన్నో అంతమందినే కల్నల్ చేస్తారు. గరాటాలో పోసినట్టు అన్నమాట, పైన వెడల్పు, కింద సన్నం. ఈసారి రాకపోతే ఇంకో రెండుసార్లు చూస్తారు, మూడుసార్లూ రాకపోతే ఇక ఆ తలుపు మూసుకున్నట్టే. అలాంటివాళ్లకి 26 ఏళ్ల సర్వీసు నిండాక టైమ్ స్కేల్ కల్నల్ అని ఇస్తారు గానీ దాన్ని బట్టి పల్టన్ (బెటాలియన్) కమాండ్ రాదు.

కల్నల్ నుంచి బ్రిగేడియర్‌కి ఒక బోర్డు, బ్రిగేడియర్ నుంచి మేజర్ జనరల్‌కి ఒకటి, అక్కణ్ణుంచి లెఫ్టినెంట్ జనరల్‌కి ఇంకోటి. ప్రతిచోటా గరాటాయే. ఈలోగా వయసు తరుముకొస్తూ ఉంటుంది, కల్నల్‌గానే ఉండిపోతే 54కి ఇంటికి, బ్రిగేడియర్ 56కి, మేజర్ జనరల్ 58కి, లెఫ్టినెంట్ జనరల్ 60కి. చీఫ్ ఒక్కరికే మూడేళ్లు లేదా 62, ఏది ముందైతే అది.

కాబట్టి జనరల్ ఎప్పుడవుతాడని పెళ్లిచూపుల్లో మాత్రం అడక్కండి, ఆ అబ్బాయికీ తెలీదు, ఆయన సీవోకీ, అంటే కమాండింగ్ ఆఫీసర్‌కీ తెలీదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇప్పుడు ఫీల్డులో ఉన్నాడా పీస్ స్టేషన్లో ఉన్నాడా, తర్వాతి పోస్టింగ్ ఎటు ఉండొచ్చు, అమ్మాయి ఉద్యోగం మానుకోవాలా. ఫీల్డ్ అంటే కొండల మీద బోర్డర్ పోస్టులు, అక్కడికి భార్యాబిడ్డల్ని రానివ్వరు, అలాంటప్పుడు ఫ్యామిలీకి వేరే ఊళ్లో క్వార్టర్ ఇస్తారు, అక్కడ ఒక్కతే పిల్లల్ని స్కూల్‌కి పంపుకుంటూ గ్యాస్ బుక్ చేసుకుంటూ రెండు మూడేళ్లు గడపాలి. మీ అమ్మాయికి అది ఓకే అయితే నిక్షేపంగా చెయ్యండి, నాకు తెలిసిన ఆఫీసర్ మేడమ్‌లలో ధైర్యం లేని మనిషిని నేనైతే చూళ్లేదు.

లెఫ్టినెంట్ కంటే మేజర్ పెద్ద కదా, మరి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ ఎలా పెద్దవుతాడు? మా లెక్చరర్‌ని అడిగితే కూర్చోమన్నాడు.
– ఇంటర్ విద్యార్థి, గుంటూరు

లెక్చరర్ని ఏమీ అనకు బాబూ, ఈ డౌట్ మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి క్లర్కుకీ వచ్చేది. లెఫ్టినెంట్ అంటే పైవాడి బదులు నిలబడేవాడు అని అర్థం, లెఫ్టినెంట్ గవర్నర్ అంటాం చూడు, అలాగ. అంటే జనరల్ లేనప్పుడు జనరల్ బదులు ఉండేవాడు లెఫ్టినెంట్ జనరల్, కాబట్టి ఆయన జనరల్ తర్వాత రెండోవాడు. మూడోవాణ్ణి పాతకాలం ఇంగ్లండ్ సైన్యంలో సార్జెంట్ మేజర్ జనరల్ అనేవాళ్లు, పిలవడానికి పొడుగైపోయి ముందున్న సార్జెంట్ ఊడిపోయింది, మేజర్ జనరల్ మిగిలింది. అంతే, మేజర్ అనే ర్యాంకుకీ దానికీ సంబంధం లేదు.

కారు చూసి గుర్తుపట్టాలంటే ముందు ప్లేటు మీద స్టార్లు లెక్కపెట్టు, బ్రిగేడియర్‌కి 1, మేజర్ జనరల్‌కి 2, లెఫ్టినెంట్ జనరల్‌కి 3, జనరల్‌కి 4. భుజం మీదైతే మేజర్ జనరల్ నుంచీ అడ్డంగా పెట్టిన కత్తీ, బ్యాటనూ కనపడతాయి. ఇంకో సంగతి, 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆ పైవాళ్లందరికీ టోపీ, బెల్టు, భుజం బ్యాడ్జీలు అన్నీ ఒకటే చేసేశారు, అంతకుముందు టోపీ చూస్తే ఈయన గూర్ఖా రెజిమెంటా, పారాచూటా అని చెప్పేసేవాళ్లం, ఇప్పుడు ఆ పప్పులుడకవు. మంచి పనే అని నా ఉద్దేశం, బ్రిగేడియర్ అయ్యాక కూడా మా రెజిమెంటోడు అని చూసుకునే జబ్బు కొంత తగ్గుతుంది.

మన తెలుగాయన ఒకరు ఆర్మీ చీఫ్ అయ్యారని మా నాన్న ఎప్పుడూ అంటుంటాడు, పేరు మాత్రం చెప్పలేడు. ఎవరాయన? ఆయన గురించి కాస్త వివరంగా రాయండి.
– చిన్న వ్యాపారి, కృష్ణలంక, విజయవాడ

మీ నాన్న కరెక్టే. జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు గారు. 1981 జూన్ 1 నుంచి 1983 జులై 31 దాకా చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్. ఆయన పేరు మన పిల్లల జీకే పుస్తకాల్లో వెతికినా దొరకదు, సినిమా వాళ్ల మనవళ్ల పేర్లు మాత్రం అందరికీ కంఠతా, ఇదొక బాధ నాకు.

పుట్టింది 1923 జులైలో, కమిషన్ వచ్చింది 1942 ఆగస్టు 9న, మహార్ రెజిమెంటులో. ఆ తేదీ ఒకసారి చూడండి. బొంబాయిలో గాంధీగారిని అరెస్టు చేసిన రోజు అది, క్విట్ ఇండియా అంటుకున్న రోజు. మూడు రోజులు తిరక్కుండా మన తెనాల్లో జనం స్టేషన్ మీద పడితే కాల్పులు జరిగి ఏడుగురు చచ్చిపోయారు, రణరంగ చౌక్ అని ఇప్పటికీ ఉంది, తెనాలి వెళ్లినవాళ్లందరికీ తెలిసిందే. అదే వారంలో 19 ఏళ్ల తెలుగు కుర్రాడు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ యూనిఫామ్ వేసుకున్నాడు. తప్పా ఒప్పా అని తీర్పు చెప్పడానికి నేనెవర్ని, అయిదేళ్లు తిరిగేసరికి దేశమూ మనదైంది, సైన్యమూ మనదైంది, అలా చేరినవాళ్లే కశ్మీర్‌ని కాపాడారు.

మొదట బర్మా యుద్ధం, తర్వాత వాయవ్య సరిహద్దు, బలూచిస్తాన్. 1947లో విభజన గొడవలప్పుడు పంజాబులో. ఆ వెంటనే 1947-48 జమ్ముకశ్మీర్ యుద్ధం. 1949లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ ఇంకా డెహ్రాడూన్లో పసిబిడ్డగా ఉన్నప్పుడు అక్కడ మొదటి ఇన్‌స్ట్రక్టర్లలో ఒకరు. తర్వాత 3 మహార్ బెటాలియన్‌కి కమాండింగ్ ఆఫీసర్, 1965-66లో లడాఖ్‌లో బ్రిగేడ్ కమాండర్. బెటాలియన్ అంటే 800 మంది దాకా, అలాంటివి మూడు కలిస్తే బ్రిగేడు, మూడు బ్రిగేడ్లూ వాటి తుపాకులూ బళ్లూ ఇంజనీర్లూ అన్నీ కలిస్తే డివిజను. 1969లో జమ్ములో డివిజన్ ఇచ్చారు, 1970లో నాగాలాండ్, మణిపూర్ వైపు 8 మౌంటెన్ డివిజన్.

అక్కడుండగానే 1971 బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. అడవుల్లో తిరుగుబాటుదార్ల వెంటపడే పనిలో ఉన్న డివిజన్ని తెచ్చి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని సిల్హెట్ వైపు నడిపించాలి. పైన కోర్ కమాండర్ సగత్ సింగ్ గారు, ఆయన ఊరుకునే మనిషి కాదు. డిసెంబర్ 7న హెలికాప్టర్లలో ఒక గూర్ఖా బెటాలియన్ని, 4/5 గూర్ఖా రైఫిల్స్‌ని, సిల్హెట్ పక్కన దింపేశారు, మన ఆర్మీ అలా హెలికాప్టర్లలో దిగి యుద్ధం చెయ్యడం అదే మొదలు. ఉన్నది నాలుగొందల లోపు మనుషులు, చుట్టూ పాకిస్తాన్ సైన్యం. రేడియోలో పొరపాటున బ్రిగేడ్ దిగిందని చెప్పేశారట, మనోళ్లు సరే బ్రిగేడ్‌లాగే ఉందాం అని దూరదూరంగా పరుచుకుని అటూ ఇటూ కదులుతూ నాటకం ఆడారని ఆ పల్టన్ వాళ్లు చెప్పుకుంటారు. చివరికి లొంగిపోయిన వాళ్లని లెక్కపెడితే రెండు బ్రిగేడ్ల పైన తేలారు.

ఆ పల్టన్‌లోనే మేజర్ ఇయాన్ కార్డోజో అని ఒకాయన, మైన్ మీద కాలు పడింది, కాలు నుజ్జయిపోతే డాక్టర్ దగ్గర మత్తుమందు కూడా లేదు, తన ఖుక్రీతో, అదే గూర్ఖా కత్తితో, తనే కోసేసుకున్నాడు. చెక్క కాలితో మళ్లీ పరుగెత్తి టెస్టులు పాసై బెటాలియన్నీ, బ్రిగేడ్నీ కమాండ్ చేసి మేజర్ జనరల్‌గా రిటైరయ్యాడు. పరుగులో తనకంటే కుర్రాళ్లని వెనకేశాడని మెస్సుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

కృష్ణారావు గారి దగ్గరికొస్తే, యుద్ధం కంటే ఆయన చేసిన పెద్ద పని ఇంకోటుందని నాకనిపిస్తుంది. 1975లో సైన్యం ముందు ముందు ఎలా ఉండాలో చెప్పమని ఒక నిపుణుల కమిటీ వేసి ఆయన్ని ఛైర్మన్ చేశారు. కాలినడకన పోయే పదాతిదళాన్ని ట్యాంకుల వెంట సమానంగా ఉరికేలా ఇనప బళ్లెక్కించాలి అన్న ఆలోచన అప్పటి చర్చల్లోంచి గట్టిపడింది, 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంటు పుట్టింది. అదే కమిటీలో ఉన్న సుందర్జీ గారు తర్వాత చీఫ్ అయ్యారు, ఆయనదీ మహార్ రెజిమెంటే. ఒక్క రెజిమెంటు నుంచి ఇద్దరు చీఫ్‌లు.

కృష్ణారావు గారు కమిషన్ అయింది 1942లో, చీఫ్ అయింది 1981లో. 39 ఏళ్లు ఎక్కి 26 నెలలు కూర్చున్నారు. దిగేటప్పుడు కూడా చూడండి, 1983లో ఆయన తర్వాత సీనియారిటీ ప్రకారం రావాల్సింది వైస్ చీఫ్ ఎస్కే సిన్హా గారు, ప్రభుత్వం ఏఎస్ వైద్య గారిని ఎంచుకుంది, సిన్హా గారు రాజీనామా ఇచ్చి వెళ్లిపోయారు. అంటే ఆఖరి మెట్టు దాకా వచ్చాక కూడా గరాటా ఉంటుందన్నమాట.

రిటైరయ్యాక ఆయన్ని విశ్రాంతిగా ఉండనివ్వలేదు. 1984 నుంచి 1989 దాకా నాగాలాండ్, మణిపూర్, త్రిపుర గవర్నర్, 1989 జులైలో జమ్ముకశ్మీర్. 1990 జనవరిలో దిగిపోయారు, 1993 మార్చిలో మళ్లీ అక్కడికే పంపారు, లోయ మంటల్లో ఉన్న రోజులవి. 1995 జనవరి 26న జమ్ము స్టేడియంలో రిపబ్లిక్ డే ఉపన్యాసం ఇస్తుండగా బాంబులు పేలాయి, చుట్టూ మనుషులు పోయారు, ఆయనకి ఏమీ కాలేదు. 1996లో అక్కడ మళ్లీ ఎన్నికలు జరిగింది ఆయన గవర్నర్‌గా ఉండగానే. 1998 మే దాకా ఉన్నారు. 2016 జనవరి 30న ఢిల్లీలో పోయారు, 92 ఏళ్లు. మీ నాన్నకి ఈ పేజీ చదివి వినిపించండి.

మా వాడు బెజవాడలో హాస్టల్లో ఎంపీసీ చదువుతున్నాడు. జేఈఈ వద్దు, ఎన్‌డీఏ రాస్తానంటున్నాడు. గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసుకి వెళ్తే అప్లికేషన్ ఇస్తారా?
– ఒక తండ్రి, గన్నవరం దగ్గర నుంచి

ఎన్‌డీఏ అంటే నేషనల్ డిఫెన్స్ అకాడమీ అని, మన రాజకీయాల పొత్తు కాదని మీకు తెలిసినందుకు సంతోషం, మొన్న ఒకాయన అదే అడిగాడు.

గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు అగ్నివీర్లకి, అంటే జవాన్లకి. ఆఫీసర్ కావాలంటే దారి యూపీఎస్సీ, సివిల్స్ పెట్టేవాళ్లే ఇదీ పెడతారు, ఏడాదికి రెండుసార్లు, అప్లై చెయ్యడం ఆన్‌లైన్లోనే. ఇంటర్ సెకండియర్లో ఉండగానే రాయొచ్చు. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర లోపు. మ్యాథ్స్ 300 మార్కులు, జనరల్ ఎబిలిటీ 600. మీవాడు రోజుకి పద్నాలుగు గంటలు రుబ్బుతున్న మ్యాథ్స్ ముందు ఎన్‌డీఏ మ్యాథ్స్ నీళ్లు తాగినంత తేలిక, మనవాళ్లు పడేది ఆ 600 దగ్గర, అందులో ఇంగ్లీషే 200, మిగతాది సైన్సు, చరిత్ర, జాగ్రఫీ, వార్తలు.

అది దాటినా సగమే అయినట్టు. తర్వాత ఎస్ఎస్‌బీ, అంటే సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు ఇంటర్వ్యూ అని అయిదు రోజులు, దానికి ఇంకో 900. బెంగళూరు, భోపాల్, ప్రయాగ్‌రాజ్, జలంధర్, వీటిల్లో ఒకచోటికి పిలుస్తారు. మొదటిరోజే బొమ్మ చూపించి కథ రాయమంటారు, రాసింది గ్రూపులో చెప్పమంటారు, అక్కడే సగం పైన మధ్యాహ్నం రైలెక్కేస్తారు. మిగిలినోళ్లకి పదిహేను సెకన్లకి ఒక మాట చొప్పున 60 మాటలు వేస్తారు, మాట చూడగానే మనసులోకొచ్చింది రాసెయ్యాలి. తర్వాత బయట దుంగలూ, తాళ్లూ, డ్రమ్ములూ ఇచ్చి ఎనిమిది పదిమందిని కలిపి ఫలానా గీత తొక్కకుండా ఇవతల నుంచి అవతలకి సామాను చేర్చండి అంటారు.

ఇక్కడే మన హాస్టల్ పిల్లల సంగతి బయటపడుతుంది. నేను ఈ ఊళ్లో ఓ పదిమంది పిల్లలకి మాక్ చేయిస్తుంటా, సాయంత్రం పూట, డాబా మీద. అందరూ తెలివైనోళ్లే. పక్కవాడు చెప్పేది వినమంటే వినరు, ఎందుకంటే రెండేళ్లు పక్కవాణ్ణి ర్యాంకుకి అడ్డంగానే చూశారు, వాడు దుంగ మోస్తుంటే సాయం పట్టాలని తట్టదు. ఒక పిల్లాడు, మిర్చి యార్డు హమాలీ కొడుకు, మ్యాథ్స్ అంతంతమాత్రమే, వాడికి ఎవరూ చెప్పకుండానే తాడు రెండో కొస పట్టుకున్నాడు. వాడికి నా చేతుల్తో ఇంగ్లీషు నేర్పిస్తున్నా.

మీవాణ్ణి జేఈఈ మానిపించకండి, రెండూ రాయొచ్చు. మెయిన్స్ స్కోరు మీద ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ కూడా ఉంది. డిగ్రీ అయ్యాక సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష) ఉంది. ఇదొక్కటే బస్సు కాదు. కానీ నోరు విప్పి మాట్లాడ్డం, ఆదివారం పూట గ్రౌండుకి పోవడం ఇప్పట్నుంచే మొదలెట్టమనండి, హాస్టల్ వాళ్లు ఆటలకి పంపట్లేదంటే మీరే వెళ్లి గొడవ పెట్టుకోండి.

అమ్మాయిలకి ఎంతవరకు ఛాన్సుంది? జనరల్ కాగలరా?
– డిగ్రీ విద్యార్థిని, అరండల్‌పేట, గుంటూరు

ఆల్రెడీ అయ్యారమ్మా. డాక్టర్ల విభాగంలో పునీతా అరోరా గారు 2004లోనే లెఫ్టినెంట్ జనరల్. మిగతా విభాగాల్లో మాత్రం దారి ఈమధ్యే తెరుచుకుంది, 2020 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఉండే ఉద్యోగం, ఇవ్వాలంది, 2022 నుంచి ఎన్‌డీఏలో తీసుకుంటున్నారు, 2025 మేలో మొదటి బ్యాచ్ 17 మంది అమ్మాయిలు పాసవుట్ అయ్యారు. ఇన్‌ఫాంట్రీ, ట్యాంకులు ఇంకా ఇవ్వలేదు. నువ్వు డిగ్రీలో ఉన్నావు గనక సీడీఎస్ రాయి, చెన్నై ఓటీఏకి (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి) అదే దారి, కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే సీ సర్టిఫికెట్ మీద నేరుగా ఎస్ఎస్‌బీకి పిలిచే ఎంట్రీ ఉంది, అది వదులుకోకు.

ఆఫీసర్ల జీతం ఎంత? సాఫ్ట్‌వేర్ కంటే మెరుగా?
– పేరు వద్దన్నారు, విజయవాడ

లెఫ్టినెంట్ బేసిక్ 56,100, దానిమీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ గట్రా. అకాడమీలో ఆఖరి ఏడాది ట్రైనింగులోనే 56,100 స్టైపెండ్. చీఫ్ బేసిక్ 2,50,000, ఆర్మీ కమాండర్లకి 2,25,000. మీ సాఫ్ట్‌వేర్ లెక్కతో పోల్చి చూసుకుంటే 39 ఏళ్ల తర్వాత వచ్చేది కొందరికి మాదాపూర్లో పదేళ్లకే వస్తుంది. ఇల్లు, క్యాంటీన్, వైద్యం, పెన్షన్ కలుపుకుంటే వేరు. జీతం కోసమే అయితే రావొద్దు, నిజంగా చెప్తున్నా, అలా వచ్చినోళ్లు అయిదేళ్లకే ఏడుపు మొహం పెడతారు.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు రిటైర్డ్ కల్నల్. మీటింగ్ ఆరింటికంటే ఆరింటికే తలుపేస్తాడు, చెత్తబుట్ట లిఫ్టు దగ్గర పెడితే ఫోన్ చేస్తాడు. అందరూ ఇంతేనా? ఇంత స్ట్రిక్టు మనిషి జనరల్ ఎందుకు కాలేదు?
– ఒక బాధితుడు, పట్టాభిపురం, గుంటూరు

ఆరింటికి తలుపేస్తున్నాడంటే మెత్తబడ్డట్టే, మా దగ్గర ఆరు అంటే అయిదూ యాభై అయిదు. చెత్తబుట్ట విషయంలో నేను ఆయన పక్షమే, ఏమీ అనుకోకండి.

జనరల్ ఎందుకు కాలేదని మాత్రం ఆయన్ని అడక్కండి. పైన చెప్పా కదా గరాటా సంగతి. మా బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్లో నేనుండగా పక్క పల్టన్‌కి ఒక సీవో ఉండేవారు, కల్నల్. మనిషి ఎలాంటివారంటే బడాఖానాలో, అంటే పల్టన్ అంతా కలిసి తినే విందులో, జవాన్లందరూ తిన్నాక ఆఖర్న పళ్లెం పట్టేవారు, ఫలానా లాన్స్ నాయక్ కూతురికి గుండెలో రంధ్రం అని రాత్రి పదకొండుకి నా చేత లెటర్ టైపు కొట్టించి సంతకం పెట్టి పొద్దున్న బండికి పంపించారు. బ్రిగేడియర్ బోర్డు రిజల్టు వచ్చింది, సిగ్నల్ కాగితం ముందు మా ఆఫీసుకే వస్తుంది, లిస్టులో ఆయన పేరు లేదు. ఆయనకి ఫోన్లో చెప్పారు. సాయంత్రం నాలుగున్నరకి గేమ్స్ పరేడ్, నేను కావాలనే అటు నడిచా, చూద్దామని. ఆయన వాలీబాల్ నెట్టు దగ్గర ఉన్నారు, బూటు లేసు కట్టుకుంటున్నారు. కట్టిన లేసు విప్పారు, మళ్లీ కట్టారు, మళ్లీ విప్పి మళ్లీ కట్టారు. సుబేదార్ మేజర్ సాబ్ వచ్చి "సాబ్, సర్వీస్ మీది" అని బంతి చేతికిచ్చారు. ఆడారు. మూడు గేములూ ఆడారు, మొదటిది ఓడిపోయారు.

ఆ తర్వాత ఆయన ఇంకా నాలుగేళ్లు చేసి 54కి దిగిపోయారు. ఆయన పల్టన్ వాళ్లు ఇప్పటికీ రైజింగ్ డేకి, అంటే పల్టన్ పుట్టినరోజుకి, ఆయన్ని పిలుస్తారు, ముందు వరసలో కూర్చోబెడతారు. బ్రిగేడియర్లు అయినోళ్లని కొందర్ని ఆ పల్టన్ మొహమాటానికే పిలుస్తుంది. మీ ప్రెసిడెంటు గారిని ఒక సాయంత్రం కాఫీకి పిలిచి మీ పల్టన్ ఏది సార్ అని అడగండి చాలు, రాత్రి భోజనం టైము దాటిపోతుంది.

ఇన్ని తెలుసు కదా, మీరెందుకు ఆఫీసర్ కాలేదు?
– ఇద్దరు ముగ్గురు అడిగారు, ఊరు గుంటూరే, పేర్లు వద్దు

అడుగుతారని తెలుసు.

జవాన్లకి కూడా దారుందండి, ఆర్మీ క్యాడెట్ కాలేజ్ అని, ఇంటర్ పాసై రెండేళ్ల సర్వీసుంటే 27 ఏళ్ల లోపు రాయొచ్చు, పాసైతే డెహ్రాడూన్లో మూడేళ్లు చదివి, ఇంకో ఏడాది ఐఎంఏలో (ఇండియన్ మిలిటరీ అకాడమీలో) చేసి అందరితో పాటు లెఫ్టినెంట్ అవుతారు. నేను రెండుసార్లు రాశా. రాతపరీక్ష రెండుసార్లూ పాస్. మొదటిసారి ఎస్ఎస్‌బీలో తొలిరోజే ఇంటికి పంపారు. రెండోసారి భోపాల్, అయిదో రోజు దాకా ఉన్నా, నాకే ఆశ్చర్యం. ఆఖర్న ఒక హాల్లో అందర్నీ కూర్చోబెట్టి ఎంపికైన చెస్ట్ నంబర్లు చదువుతారు. నాది 14. "నాలుగు" అన్నారు, ఒకడు లేచాడు. "పదకొండు" అన్నారు. ఆ తర్వాత కాగితం మడిచి "థాంక్యూ జెంటిల్మెన్" అన్నారు.

ఎందుకు పోయిందో నాకు తెలుసు. బయట టాస్కులో నన్ను లీడర్ని చేసి ఇద్దర్ని సాయంగా ఇచ్చారు, నేను వాళ్లకి చెప్పకుండా పని మొత్తం నేనే చేసేశా, దుంగ నేనే ఎత్తా, తాడు నేనే కట్టా. క్లర్కు అలవాటు. పక్కనున్న ఆఫీసరు ఏదో రాసుకున్నాడు, అప్పుడే అర్థమైంది.

జీటీ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి తెల్లారుజామున బెజవాడలో దిగా. నాన్న స్టేషన్‌కి వచ్చాడు, ఏమైందని అడగలేదు, ట్రంకు పెట్టె తీసుకుని ముందు నడిచాడు. నేను పట్టుకుంటా అంటే ఇవ్వలేదు, చివరికి ఒక కొస నాకిచ్చాడు, ఇద్దరం పట్టుకుని గుంటూరు బస్సు దాకా పోయాం.

వచ్చే సంచికకి పెన్షన్, క్యాంటీన్ కార్డు ప్రశ్నలు పంపండి, చాలా పేరుకుపోయాయి.